మూడో మలుపులో ఖాళీ టాక్సీ

మధ్యాహ్నం మూడూ నలభై.

ఘాట్ రోడ్డు మూడో మలుపులో టాక్సీ నిలబడి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి దానికే ఉంది. డ్రైవర్ లేడు. పక్కనే లోయ.

"మా తమ్ముడు పుట్టి పెరిగింది ఈ రోడ్డు మీదే మేడమ్. వాడు జారిపడ్డాడంటే నేను నమ్మను," అంది మలుపు పక్కనే టీ కొట్టు నడిపే అక్క.

ఇన్‌స్పెక్టర్ లోయలోకి తొంగిచూసింది. పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు.

కనుమ అవతలి స్టేషన్‌లో చేరడానికి బయల్దేరిందామె. పొద్దున పదింటికి కింద చరియలు విరిగిపడి బస్సు ఆగిపోయింది. మధ్యాహ్నందాకా అక్కడే ఎదురుచూసి, మిగిలిన రోడ్డు అంచు మీదుగా నడిచి ఇటు వచ్చింది. పావుగంటకే ఆ అంచు కూడా లోయలోకి జారింది. పైన మంచు పడి కనుమ గేటు మూసేశారు. ఫోన్లకు సిగ్నల్ లేదు.

ముందుకూ వెనక్కీ దారి లేదు. టీ కొట్టులో నలుగురే ఉన్నారు.

"పొద్దున మీరెక్కడున్నారు?" అక్కని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"కట్టెలకెళ్లాను. వచ్చేసరికి టాక్సీ ఇలా ఉంది."

"మీరు?"

"లారీలో గుర్రుపెట్టి నిద్రపోతున్నా మేడమ్. చరియ చప్పుడుకే లేచా," అన్నాడు లారీ డ్రైవర్.

"వీడినే గట్టిగా అడగండి," అన్నాడు రోడ్డు కాంట్రాక్టర్. "సైడ్ ఇవ్వలేదని నిన్న ఆ కుర్రాడి కాలర్ పట్టుకున్నాడు."

"కాలర్ పట్టుకుంటే లోయలోకి తోసేసినట్టేనా? మరి నువ్వు? నువ్వు కట్టిన రోడ్డు అడ్డుగోడలో ఇనుమే లేదని వాడు వీడియో తీశాడుగా!"

ఇన్‌స్పెక్టర్ కాంట్రాక్టర్ వైపు తిరిగింది. "మీరెప్పుడొచ్చారు?"

"పదింటికి. కింద ఊరి నుంచి. నా జీపు దాటగానే వెనక చరియ పడింది. పైకి అసలు వెళ్లనేలేదు."

ఆమె జీపు దగ్గరికి వెళ్లింది. ముందు సీట్లో ఖాళీ నీళ్ల సీసా. మూత బిగించి ఉంది. సీసా పక్కలు లోపలికి నొక్కుకుపోయాయి.

దాన్ని కొట్టులోకి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ నీళ్లెక్కడ తాగారు?"

"ఊళ్లోనే. బయల్దేరేముందు."

"తర్వాత మూత తీశారా?"

"ఖాళీ సీసాకి మూతెందుకు తీస్తాను? మీ ప్రశ్నలూ మీరూనూ!"

ఆమె పైన వేలాడుతున్న చిప్స్ ప్యాకెట్లు చూపించింది. "అవెలా ఉన్నాయి?"

"బెలూన్లలా ఉబ్బి ఉన్నాయి," అన్నాడు లారీ డ్రైవర్.

"కింద ప్యాక్ చేసినవి కదా. ఎత్తుకి వచ్చేకొద్దీ బయట గాలి పలచబడుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. మీ సీసా కూడా ఉబ్బాలి. కానీ నొక్కుకుపోయింది."

మూత తిప్పింది. సుయ్‌మంటూ గాలి లోపలికి దూరింది. టప్పున సీసా గుండ్రంగా అయింది.

"ఈ మూత పెట్టింది ఇంతకంటే ఎత్తులో. మీరు పైనుంచి దిగివచ్చారు. కింద రోడ్డు తెగిందని చూసి జీపు వెనక్కి తిప్పారు. పైకెందుకు వెళ్లారు?"

కాంట్రాక్టర్ చెయ్యి జేబు మీదికి పోయింది. లారీ డ్రైవర్ ఆ చెయ్యి మెలిపెట్టాడు. తాళాల గుత్తి కింద పడింది.

అక్క ఆ తాళాలు గుర్తుపట్టింది. "గేటుకి ఇవతల వీళ్లు బండలు పేల్చే మందుగుండు దాచే షెడ్డుంది మేడమ్! పైన మంచు... వాడి ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు!"

"చంపలేదు," గొణిగాడు కాంట్రాక్టర్. "టాక్సీ ఆపి ఆ వీడియో ఉన్న ఫోన్ ఇమ్మంటే ఇవ్వలేదు. షెడ్డుకి తీసుకెళ్లి, ఇచ్చేదాకా అందులో ఉండమన్నాను. అంతే."

"అక్కడ అలా వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలీదా? ఎక్కండి జీపు."

అరగంటలో షెడ్డు ముందున్నారు. మోకాలి లోతు మంచు. లోపలి నుంచి చప్పుడు లేదు. తాళం గడ్డకట్టి చెవి తిరగలేదు. లారీ డ్రైవర్ రాయి తీసుకుని బాదాడు. ఒకసారి. రెండోసారి.

"ఒరేయ్ తమ్ముడూ!" రేకు తలుపు మీద రెండు చేతులతో కొట్టింది అక్క.

రేకుకి చెవి ఆనించింది.

లోపలి నుంచి సన్నగా ఒక గొంతు. "తిట్టకే అక్కా..."

"తిడతాను," అంది ఏడుస్తూ. "ముందు బయటికి రా. ఇంటికెళ్లాక తీరిగ్గా తిడతాను."

మూడో దెబ్బకు తాళం ఊడింది.