అద్దాల షాపు ముందు ఎర్రమచ్చ

సుద్దముక్కతో చివరి గీత గీసి అతను లేచి నిలబడ్డాడో లేదో, బకెట్టెడు నీళ్ళు వచ్చి ఆ గీతనీ అతని బూట్లనీ కలిపి కడిగేశాయి.

“ఏవండీ, మనిషి కనబడలేదా?”

“కనబడ్డారు కాబట్టే గురి చూసి పోశాను,” అంది షాపు మెట్టు మీదున్న అమ్మాయి.

చేతిలో ఖాళీ బకెట్టు, చెవి వెనక పెన్సిలు. వెనక గోడ నిండా రకరకాల సైజుల్లో అద్దాలు. వాటన్నిట్లోనూ తడిసిన బూట్లతో తనే కనబడేసరికి అతనికి కోపం కూడా సరిగ్గా రాలేదు.

నగరమంతా అద్దె సైకిళ్ళు తిప్పాలనుకుంటున్న ఆఫీసులో అతను ప్లానరు. జనం సైకిల్ ఎక్కడ తీసుకుని ఎక్కడ వదలాలో, ఆ స్టేషన్లకి జాగాలు చూడటం అతని పని. టేపు పట్టుకుని ఫుట్‌పాత్‌లు కొలిచి, సుద్దముక్కతో గీతలు గీస్తుంటాడు. అందుకే వీధుల్లో షాపులవాళ్ళు అతనికి ‘సుద్దముక్క సారు’ అని పేరు పెట్టేశారు.

“ఇక్కడ మీ సైకిళ్ళు వరసగా నిలబెడితే మా గాజు వ్యాను ఎక్కడ ఆగాలి?” అందామె. “మనిషంత పొడుగు షీట్లండీ. వ్యాను గుమ్మానికి ఆనుకుని ఆగాల్సిందే. వీధి చివర దింపి మోసుకురావాలంటే సగం ముక్కలే చేతికొస్తాయి. మా నాన్నకి ఫ్రేములు కట్టడం తప్ప ఇంకో పని రాదు. షాపు మూసుకోమంటారా?”

“అయ్యో, నా ఇష్టం కాదండీ ఇది. ఈ నెలంతా ట్రయల్. కొన్ని సైకిళ్ళు ఊళ్ళోకి వదిలాం. అవి ఎక్కడ ఎక్కువగా ఆగితే మా మ్యాపు మీద అక్కడ ఎర్రగా కనబడుతుంది. ఎరుపు ఉన్నచోటే స్టేషన్. ఇక్కడ ఎవరూ ఆగకపోతే మీ జోలికే రాం.”

“ఎవరొస్తారు? అద్దం కొని హ్యాండిల్‌కి తగిలించుకుపోతారా?”

“అయితే ఇంకేం, మీరే గెలుస్తారు.”

పాపం, నిజాయితీగానే అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం లంచ్ టైములో, ఊరికే ఒకసారి చూసిపోదామని ట్రయల్ సైకిలెక్కి తనే వచ్చాడు. అసలు తంటా అక్కడే మొదలైంది.

ఆఫీసు రూలు ప్రకారం ఉద్యోగులు స్టాఫ్ కార్డుతోనే సైకిల్ తీయాలి. ఆ ప్రయాణాలు మ్యాపులోకి ఎక్కవు. కాకపోతే అరగంటలో సైకిల్ తెచ్చి పెట్టేయాలి. అద్దాలమ్మాయితో మాట్లాడటానికి అరగంట ఏ మూలకి? అందుకని అందరూ కొనుక్కునే మామూలు కార్డు ఒకటి కొనుక్కున్నాడు. ఆ కార్డుతో తిరిగిందంతా మ్యాపుకెక్కుతుందన్న సంగతి, మ్యాపు తయారుచేసే మనిషికే తట్టలేదు. ప్రేమలో పడ్డ బుర్రకి అలాంటివి తట్టవు.

మొదట నాయనమ్మ ఫొటోకి ఫ్రేము అన్నాడు. తర్వాత సర్టిఫికెట్‌కి అన్నాడు. ఆ తర్వాత పక్కింటి పిల్లి ఫొటో పట్టుకొచ్చాడు.

“ఏరా, ఇంట్లో గోడ కనబడటం మానేసింది. పోన్లే, రంగులు వేయించే పని తప్పింది,” అని వాళ్ళమ్మ నవ్వింది.

ఒకరోజు వ్యాను వచ్చిన వేళకే వాన అందుకుంది. అతను కూడా చొక్కా చేతులు మడిచి సాయానికి దిగాడు.

“పడుకోబెట్టకండి, విరుగుతుంది. నిలబెట్టి పట్టుకోవాలి. ఊపిరి పీల్చుకోవచ్చు, గాజేం అనుకోదు!” అందామె నవ్వుతూ.

షీటుకి అటు ఆమె, ఇటు అతను. మధ్యలో గాజు మీద చినుకులు జారుతున్నాయి.

“ముందు చూసి నడవండి సారూ, నన్ను కాదు.”

“నా ముందున్నది మీరేగా?”

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. షీటు మాత్రం క్షేమంగా లోపలికి చేరింది.

అంతా బాగానే ఉందనుకుంటే, కొన్ని మధ్యాహ్నాలు అతను వెళ్ళేసరికి షాపులో ఆమె నాన్న ఒక్కడే ఉండేవాడు.

“బయటికెళ్ళింది బాబూ.”

“ఎక్కడికి అంకుల్?”

“చెప్పి వెళ్తేగా!”

తనని తప్పించుకు తిరుగుతోందనుకున్నాడు. మొహం వేలాడేసుకుని ఆయన పక్కనే కూర్చుని, ఆయన ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయేవాడు. ఆ రోజుల్లో ఆఫీసులో ఏ పనీ చేతికి రాలేదు.

నెలాఖరున లైబ్రరీ హాల్లో ప్రజల మీటింగ్ పెట్టారు. ఆఫీసు చీఫ్ మేడమ్ తెర మీద మ్యాపు వేసింది. సరిగ్గా అద్దాల షాపు ముందు, పండిన టమాటాలా పెద్ద మచ్చ.

“ఊరి మొత్తంలో డిమాండ్ ఇక్కడే ఎక్కువ. మొదటి స్టేషన్ ఈ షాపు ముందే పెడుతున్నాం,” అంది మేడమ్.

అద్దాలమ్మాయి నాన్న కుర్చీలో కూలబడిపోయాడు. అమ్మాయి లేచి నిలబడింది. మేడమ్ వైపు కాదు, అతని వైపే చూసింది.

“ఎవరూ ఆగకపోతే మా జోలికి రామన్నారు. రోజూ మా షాపులో కూర్చుని, మా నాన్న ఇచ్చిన టీ తాగి, చివరికి మీరు చేసింది ఇదా?”

ఆ మచ్చ ఎవరిదో అతనికి అప్పుడు అర్థమైంది. కార్డు మీద పేరు లేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, షాపు పోతుంది. షాపుతోపాటు ఆమె కూడా. తేలు కుట్టిన దొంగలా కూర్చోవడం అతని వల్ల కాలేదు.

“మేడమ్, ఆ ఎరుపంతా నేనే,” అన్నాడు లేచి.

“అంటే?”

“మామూలు కార్డుతో రోజూ అక్కడికి వెళ్ళాను. ఆ కార్డు తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు.”

“రోజూ నీకక్కడ ఏం పని?”

“ఫ్రేములు...”

“రోజూ ఫ్రేములా?”

“ఫ్రేములు కాదు మేడమ్. ఆవిడ.”

హాలు హాలంతా గొల్లుమంది. మేడమ్ కంప్యూటర్లో ఏదో నొక్కింది. మచ్చ మాయమైంది.

“సరే, నీ సంగతి తర్వాత తేలుస్తాను. మరి ఈ రెండోది? మన ఆఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర, అన్నీ మధ్యాహ్నాలే. ఇదీ నువ్వేనా?”

“కాదు మేడమ్! మధ్యాహ్నాలు నేను ఆఫీసులో ఉంటేగా!”

“అది నేనండీ,” అని వినబడింది.

అందరి తలలూ అద్దాలమ్మాయి వైపు తిరిగాయి. ఆమె చున్నీ అంచు మెలిపెడుతోంది.

“సుద్దముక్క సారు టీకి కిందికి దిగుతారేమోనని వెళ్ళేదాన్ని. మా షాపు ముందు ఎరుపెక్కకూడదని బస్టాప్ దాకా నడిచి వెళ్ళి మరీ సైకిల్ తీసేదాన్ని. ఒక్కరోజూ దిగలేదు.”

వాళ్ళ నాన్న నుదురు కొట్టుకున్నాడు. “ఎలా దిగుతాడే తల్లీ! ఆ టైముకి నా పక్కన కూర్చుని, నువ్వెప్పుడొస్తావా అని గుమ్మం వైపు చూస్తుంటే!”

ఈసారి మేడమ్ కూడా నవ్వాపుకోలేకపోయింది.

“మీ ఇద్దర్నీ తీసేస్తే ఈ ఊళ్ళో సైకిలెక్కినవాళ్ళు ఎవరో వెతుక్కోవాలి. ట్రయల్ మళ్ళీ మొదట్నుంచి చేస్తాం. నువ్వు మాత్రం సైకిల్ ముట్టుకున్నావంటే ఊరుకోను. పెద్దాయనా, మీ షాపు ముందు స్టేషన్ రాదు. వ్యాను నిక్షేపంగా ఆపుకోండి.”

మీటింగ్ అయ్యాక ఇద్దరూ వరండాలో ఎదురుపడ్డారు. ముందు ఆమే అంది.

“అంతమందిలో చెప్పేబదులు నాతో ముందే చెప్పొచ్చుగా?”

“మీరు కనబడకుండా పోతుంటే, నేనంటే ఇష్టం లేదనుకున్నాను.”

“మీరు టీకి దిగకపోతే నేనూ అదే అనుకున్నాను.”

“మీరంటే నాకు చాలా ఇష్టం,” అన్నాడు గబగబా, ఇంకెవరైనా అడ్డొచ్చేలోపు.

“నాకూ,” అంది. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

వాళ్ళ నాన్న వెనకనుంచి దగ్గాడు. ఇద్దరూ ఉలిక్కిపడి దూరం జరిగారు.

“మీ అమ్మగారిని ఎప్పుడు తీసుకొస్తావు బాబూ?”

“రేపే అంకుల్! మధ్యాహ్నం!”

“సరే, రండి,” అని ఆయన కూతురి వైపు తిరిగాడు. “నువ్వు మాత్రం రేపు మధ్యాహ్నం ఎక్కడికీ వెళ్ళకమ్మా.”