పురుగు ముట్టని బొమ్మ

1991 జూలై. సిద్దిపేట.

గోడకు ఆరు బొమ్మలు. మనుషులు లేరు, చెట్లు లేవు. ఎరుపు, నలుపు, నడుమ ఒక తెల్ల గీత. గీసిన దేవరాజు పోయి రెండేళ్లు. మర్నాడు ఢిల్లీ నుంచి మ్యూజియం వాళ్లు వచ్చి ఆరింటినీ కొంటారు.

"మూడోది ఆయనది కాదు," అంది ఆయన భార్య జ్ఞానేశ్వరి. "ఎవడో అసలుది ఎత్కపోయి నకలు పెట్టిండు."

"ఎట్ల జెప్తరమ్మా?" ఎస్సై నాగేశం అడిగాడు.

"ఆయన చెయ్యి నాకు తెల్వదా? ఒక్కటి దొంగదని తేలితే మిగిలిన అయిదు ఎవరు నమ్ముతరు? ఆయన పేరే పోతది."

తాళం పగల్లేదు. తాళంచెవులు ఇద్దరు శిష్యుల దగ్గర ఉన్నాయి. ఎస్సై ఇద్దరినీ పిలిపించాడు.

డ్రాయింగ్ మాస్టర్ రామేశ్వర్ నవ్వాడు. "ఊళ్లె షట్టర్లకు గూడ మా సారు వాడిన ఎరుపే ఏస్తున్నరు సార్. ఎంతమందిని పట్కపోతరు?"

"ఆయన లెక్క నువ్వు గీస్తవా?"

"గీస్త. అఫ్సర్ ఇంకా మంచిగ గీస్తడు."

అఫ్సర్ బుక్ బైండర్ కొడుకు. తలెత్తలేదు. "నేను దొంగను కాదు సార్."

నాగేశం ఇద్దరినీ నమ్మలేదు. జ్ఞానేశ్వరిని కూడా నమ్మలేదు. బొమ్మలన్నీ దించి వెనక్కి తిప్పాడు. అయిదింటి బట్టకు సూదిమొనంత పురుగు బెజ్జాలు. మూడోదానికి ఒక్కటీ లేదు.

"సారు బట్టకు ఏం పూసెటోరమ్మా?"

"చింతగింజల అంబలి, సుద్దమట్టి. చేర్యాల బొమ్మలోళ్ల పద్ధతి. పురుగులు ఇడ్సిపెట్టవు."

"మరి దీన్నెందుకు ఇడ్సిపెట్టినయి?"

"కొత్తది గద సార్," అన్నాడు రామేశ్వర్.

నాగేశం బట్ట అంచును కిటికీ వెలుతురుకు పట్టాడు. నీలి మరక.

"కొత్తదే. అంబలిల మైలుతుత్తం గూడ ఉన్నది. పురుగు రాకుండ కలుపుతరు. మా స్టేషన్ రిజిస్టర్ల అట్టలకు గిదే మరక. వాటిని కుట్టేదెవరు అఫ్సర్?"

"మా అబ్బా."

"అసలుది యాడున్నది?"

"దుకాణంల. రెండు అట్టల నడుమ." అఫ్సర్ జ్ఞానేశ్వరి వైపు తిరిగాడు. "గదాన్నే పురుగులు ఎక్కువ తిన్నయమ్మా. మందు పెడ్తనని ఎన్నిసార్లడిగినా మీరు ముట్టద్దన్నరు. అందాక నకలు పెట్టి, బాగుజేసి మల్ల తగిలిద్దామనుకున్న. గింతల ఢిల్లోళ్లు వస్తమన్నరు."

నాగేశం నమ్మలేదు. కానిస్టేబుల్‌ను తోడిచ్చి పంపాడు. గంటలో అసలు బొమ్మ వచ్చింది. వెనక బెజ్జాలన్నీ పూడ్చి ఉన్నాయి.

అప్పుడు నమ్మాడు.

"కేసు రాయాల్నా అమ్మా?"

జ్ఞానేశ్వరి నకలును కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. చాలాసేపు చూసింది. మూలన దేవరాజు సంతకం ఉంది.

"కుంచె తెచ్చుకో అఫ్సర్," అంది. "ఆయన పేరు చెరిపి నీ పేరు రాయి. రేపు వాళ్లకు ఏడు చూపిస్త."