నువ్వుల గూడు

తెల్లవారగానే అచీరో వాకిలి ఊడుస్తుండగా అత్త లకోత్ కేక వినబడింది. భయపడ్డ కేక కాదది. దగ్గరి చుట్టం గడపలో కనబడితే వేసే కేక.

"అమ్మాయ్! ఆ చీపురు పారేసి ఇలా రా! మళ్ళీ వచ్చి వెళ్ళిందే!"

అచీరోకి ఏడో నెల. నడుం పట్టుకుని, ఇంటి వెనక, గింజల్లోంచి నూనె తీసే షియా చెట్టు దాకా నడిచింది. నిన్న పొద్దుగుంకేటప్పుడు చక్కగా నిలబడి ఉన్న నువ్వుల గూడు ఇప్పుడు లేదు. ఏడు కట్టలూ విడివిడిగా, తలకిందులుగా, చెట్టు మొదలు చుట్టూ ఆనించి ఉన్నాయి. ఒక్కో కట్ట కింద గుప్పెడు నువ్వులు తెల్లగా రాలి ఉన్నాయి.

కోసిన నువ్వు కట్టల్ని మేము తల పైకి పెట్టి, గుండ్రంగా ఒకదానికొకటి ఆనించి, గూడులా కట్టి ఎండబెడతాం. కాయ ఎండి నోరు తెరిచినా గింజ లోపలే ఉంటుంది, కట్ట తిరగేస్తేనే రాలుతుంది. గాలికి గూడు ఒరగొచ్చు, మేక తోస్తే పడిపోవచ్చు. కానీ ముడి విప్పి, ఏడు కట్టల్నీ తిరగేసి, ఒక్కటీ పడకుండా ఆనించడం చేతులున్నవాళ్ళ పని. వరసగా ఇది నాలుగో పొద్దు.

"చూడు, చూడు" అంటూ లకోత్ రాతి మీద పెట్టిన సొరకాయ చిప్ప చూపించింది. రాత్రి పడుకోబోయే ముందు ఆవిడ అందులో ఒక నువ్వుల ఉండ పెట్టింది. ఇప్పుడు సరిగ్గా సగం ఉంది. పంటిగాటు లేదు, పక్షి పొడిచిన గుర్తూ లేదు. చేత్తో విరిచిన సగం.

"నా తల్లి ఎప్పుడూ అంతే. సగం తిని సగం తమ్ముడికి దాచేది" అంది లకోత్. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. అచీరో మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ తల్లి పేరు లన్యేరో. లకోత్ కూతురు, అచీరో మొగుడు ఒడోకికి అక్క. ఇరవై ఏళ్ళ కిందట, యుద్ధం రోజుల్లో, పన్నెండేళ్ళ పిల్లను, ఇదే చెట్టు కింద నుంచి తుపాకులవాళ్ళు అడవిలోకి పట్టుకుపోయారు. ఆ తర్వాత ఊరంతా సైన్యం పెట్టిన క్యాంపులో పడి ఏళ్ళు గడిపింది. యుద్ధం ఆగాక పట్టుకుపోయిన పిల్లలు కొందరు తిరిగొచ్చారు. లన్యేరో రాలేదు. చచ్చిపోయిందని చెప్పినవాడూ లేడు.

సొంత నేలకు తిరిగొచ్చిన మొదటి పంట నుంచీ లకోత్ ఏటా ఒక గూడు విడిగా కడుతోంది. చేలో ఉన్న గూళ్ళన్నీ దులిపినా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కాపురానికి వచ్చిన ఏడాది అచీరో సాయానికి వెళ్ళి, కట్టల్ని దగ్గరికి నొక్కి బిగించబోయింది. "అలా తొయ్యకు! మధ్యలో మనిషి పట్టాలి" అని అత్త చెయ్యి మీద చరిచింది. అప్పుడు వంగి చూస్తే, గూడు నడుమ పన్నెండేళ్ళ పిల్ల మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత చోటుంది. ఆ రోజు నుంచీ అచీరో ఆ చెట్టు దగ్గరికి ఒంటరిగా వెళ్ళదు.

ఒడోకి పళ్ళు తోముకుంటూ వచ్చాడు. రాలిన నువ్వులను చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"ఎవడో దొంగవెధవ వేషాలివి. నీ పిచ్చి చూసి ఆడుకుంటున్నారమ్మా."

"దొంగయితే నువ్వులు వదిలి పోతాడట్రా? నీకు వాటా కూడా పెట్టింది. తిను, మీ అక్క పెట్టింది."

"నేను నువ్వులు తినను. నీకు తెలుసు."

అది నిజమే. ఆరు గరిసెల నువ్వులు పండించే మనిషి నోట్లో ఒక్క నువ్వుగింజ వెయ్యడు. ఆకుకూరలో నువ్వుల ముద్ద కలిపితే ఒడోకికి విడిగా ఉత్త కూర తియ్యాల్సిందే. "చేపల్ని చూసి జడుసుకునే జాలరిని కట్టుకున్నాను నేను" అని అచీరో నలుగురిలో ఆటపట్టించేది. అందరూ నవ్వేవాళ్ళు, ఒడోకి నవ్వేవాడు కాదు.

"ఇదిగో, ఇద్దరూ వినండి" అన్నాడు నోరు పుక్కిలించి. "ఎల్లుండి ట్రాక్టరు వస్తోంది. ఈ మూల కూడా దున్నించేస్తాను. రేపే ఈ గూటికి నిప్పు పెడతాను. నా బిడ్డ పుట్టబోయే ఇంట్లో పొద్దు లేస్తే చచ్చినవాళ్ళ ముచ్చట్లేనా?"

"చచ్చిందని నీకెవరు చెప్పార్రా?" లకోత్ గొంతు పెరగలేదు. అందుకే మరీ భయం వేసింది. "అది ఇప్పుడిప్పుడే వస్తోంది. నాలుగు రోజులుగా వస్తోంది. ఇప్పుడు కాల్చేస్తావా? కాల్చు. నన్నూ అందులో కూర్చోబెట్టి కాల్చు. లేదంటే నేను ఆ క్యాంపు ఉన్న చోటికే పోతాను. అక్కడి గోడలైనా నా మాట వింటాయి."

ఆవిడ కట్టల్ని ఒక్కొక్కటే ఎత్తి మళ్ళీ గూడు కట్టడం మొదలుపెట్టింది. ఒడోకి విసురుగా చేలోకి పోయాడు. ఆ పగలంతా ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మధ్యాహ్నం ఆకు కదలని ఎండలో, షియా చెట్టు కింద ఎండు కాయలు గలగలమన్నాయి. ఎవరో లోపల ఒదిగి కూర్చుంటూ భుజం తగిలించినట్టుగా ఒక్కసారే గలగలమని ఆగిపోయాయి. రోకలి పట్టుకున్న అచీరో చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అత్త వైపు చూసింది. లకోత్ విన్నది. విని, చిన్నగా నవ్వుకుంది.

పక్క సర్దుతుంటే దుప్పటిలోంచి నాలుగు నువ్వులు రాలాయి. కోతల కాలంలో ఒళ్ళంతా నువ్వులే కదా అని అచీరో దులిపేసింది. కానీ ఒడోకి చేలోంచి రాగానే స్నానం చేసి, ఉతికిన బట్టలతో పడుకుంటాడు. ఆ సంగతి దుప్పటి మడత పెట్టాక గుర్తొచ్చింది.

మర్నాడు మొదటి కోడి కూయగానే మెలకువ వచ్చింది. పక్కన ఒడోకి లేడు. తలుపు తడక ఓరగా తెరిచి ఉంది. బయట బూడిదరంగు వెలుతురు, మంచు. అచీరో పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడ వారగా వెళ్ళి చూసింది.

చెట్టు కింద ఒడోకి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ అవి దేన్నీ చూడటం లేదు. గూటి ముడి విప్పాడు. ఒక కట్ట ఎత్తి తలకిందులుగా ఆనించాడు, నువ్వులు సన్నగా రాలాయి. మరో కట్ట తీశాడు. ప్రతి కట్టా తీశాక వంగి లోపలికి చూస్తున్నాడు. పసిపిల్లాడి గొంతుతో, గుసగుసగా అంటున్నాడు.

"అక్కా, బయటికి రా. వాళ్ళు వెళ్ళిపోయారు. అక్కా, బయటికి రా."

ఏడో కట్ట కూడా తీశాక, గూడున్న చోట గొంతుకూర్చున్నాడు. చిప్పలోని నువ్వుల ఉండ తీసి రెండుగా విరిచాడు. సగం తిన్నాడు. నువ్వులు తినని మనిషి మెల్లగా, ఇష్టంగా నమిలాడు. మిగతా సగం ఆ ఖాళీ చోటు వైపు చాపి కాసేపు అలాగే ఉంచి, తర్వాత చిప్పలో పెట్టి లేచాడు. అచీరో పక్కనుంచే నడిచి పోయాడు. ఆమెను చూడలేదు, లోపలికి పోయి మళ్ళీ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

భూతమే నయం అనుకుంది అచీరో, వేపమండతోనో మంత్రంతోనో పోతుంది. ఇప్పుడు ఈ సంగతి ఎవరికి చెప్పాలి? అత్తకు చెబితే, ఇరవై ఏళ్ళకు ఆవిడ ముఖంలోకి వచ్చిన ఆ కాస్త వెలుగూ తన చేత్తో ఆర్పినట్టవుతుంది. చెప్పకపోతే ఒడోకి గూడు కాల్చేస్తాడు, ఆవిడ గడప దాటుతుంది. పొద్దెక్కేదాకా పొయ్యి ముందు కూర్చుని, నిప్పు రాజెయ్యడం కూడా మరిచిపోయింది.

ఎండ ముదరకముందే ఒడోకి అగ్గిపెట్టె తీసుకుని చెట్టు దగ్గరికి నడిచాడు. లకోత్ అప్పటికే గూడు మళ్ళీ కట్టి, దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన మూట. అందులో ఒక కట్టుబట్ట, ఒక గిన్నె.

"లే అమ్మా."

"లేవను."

"లేస్తావా, నన్ను లేపమంటావా?"

"లేపు చూద్దాం. ఆ చేతులు పెంచింది నేనేగా, ఎంత బలమొచ్చిందో చూస్తాను."

ఒడోకి పుల్ల గీశాడు. అచీరో పరుగులాంటి నడకతో వచ్చి, ఆ చేతిని పట్టుకుని పుల్ల ఊదేసింది. భుజం మీద వేసుకొచ్చిన అతని దుప్పటి తీసి అతని ముందు విదిలించింది. నువ్వులు నేల మీద టపటపా రాలాయి.

"దొంగ ఎవరో తెలుసా? నువ్వే!"

"ఏం కూస్తున్నావ్?"

"ఐదు రోజులుగా కట్టలు తిరగేసేది నువ్వే. నిద్రలో లేచి వస్తున్నావు. నా కళ్ళతో చూశాను. సగం ఉండ తిని సగం దాచేది కూడా నువ్వే."

"నీకు మతిపోయిందా? నేను నువ్వులు..."

"'అక్కా, బయటికి రా. వాళ్ళు వెళ్ళిపోయారు.' ఇదే అంటున్నావు. చిన్నపిల్లాడిలా."

అగ్గిపెట్టె అతని చేతిలోంచి జారిపోయింది. ముందు నవ్వబోయాడు. నాలుక పంటి సందులో ఏదో తడిమింది. వేలు పెట్టి తీసి చూసుకున్నాడు. నువ్వు పొట్టు. మోకాళ్ళ మీద కూలబడిపోయాడు.

అచీరో అత్త వైపు చూడలేకపోయింది. "క్షమించు అత్తా. వచ్చింది ఆమె కాదు" అంది.

మూట మీది లకోత్ చెయ్యి కిందికి జారింది.

"నేనే చూపించానమ్మా" అన్నాడు ఒడోకి నేలకేసి. "ఆ రోజు ఆ తుపాకులవాళ్ళలో ఒకడు నా పక్కన కూర్చున్నాడు. తుపాకీ పక్కన పెట్టి మంచిగా మాట్లాడాడు. నా చేతిలో నువ్వుల ఉండ ఉంది. సగమే తిన్నావేం, మిగతాది ఎవరికిరా అన్నాడు. అక్కకి అన్నాను. అక్కేదీ అన్నాడు. మేము రోజూ ఆడే దాగుడుమూతలే అనుకున్నాను. గూడు వైపు వేలు చూపించాను. వాళ్ళు కట్టలు లాగేటప్పుడు నువ్వులన్నీ రాలిపోయాయి. అక్క నన్నే చూస్తూ పోయింది" అన్నాడు.

ఇరవై ఏళ్ళ రహస్యం చెప్పాక ఆకాశం విరిగి పడుతుందేమోనని తల వంచుకుని ఉండిపోయాడు. ఏదీ పడలేదు.

"నాకు తెలుసురా" అంది లకోత్.

ఒడోకి తలెత్తాడు.

"జొన్నచేలో పడుకుని ఉన్నాను. పది బారల దూరం. అంతా విన్నాను, అంతా చూశాను. నోట్లో మట్టి కుక్కుకుని ఊరుకున్నాను. నేను లేస్తే నిన్ను కూడా..." ఆవిడ కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. "దాన్ని గూట్లో కూర్చోబెట్టింది నేను. పసివాణ్ణి పట్టుకుపోరులే అని నిన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది నేను. ఏడవకుండా చేతిలో ఉండ పెట్టింది నేను. అన్నీ చేశాను. అక్క ఎక్కడుందో ఎవరికీ చెప్పకు నాన్నా అని ఆ ఒక్క మాట చెప్పడం మరిచిపోయాను. ఆరేళ్ళ పిల్లాడివి, నీకేం తెలుసురా? తప్పు నీ వేలిది కాదు, నా నోటిది."

"తెలిసీ ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నీకు గుర్తుందో లేదో అనుకున్నాను. మరిచిపోతే మరిచిపోనీ, నేను గుర్తుచెయ్యడం ఎందుకు అనుకున్నాను. వీడు నువ్వులు ఎందుకు తినడా అని ఒక్క రోజన్నా అడగాల్సింది. భయపడ్డాను నాయనా."

ఒడోకి పాక్కుంటూ వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఇరవయ్యారేళ్ళ మనిషి ఆరేళ్ళవాడిలా ఏడ్చాడు. ఆవిడ అతని జుట్టులోని నువ్వులు ఒక్కొక్కటే ఏరుతూ తనూ ఏడ్చింది. అచీరో చెట్టుకు ఆనుకుని, ఎవరి కోసమో తెలియకుండానే ఏడుస్తోంది.

చాలాసేపటికి లకోత్ లేచి బరకం తెమ్మంది. ముగ్గురూ కలిసి గూడు విప్పారు. ఆఖరి కట్ట తియ్యబోయే ముందు ఒడోకి ఆగాడు. ఈసారి కళ్ళు నిజంగానే చూస్తున్నాయి. గొంతు పెద్దవాడి గొంతే.

"అక్కా, బయటికి రా. వాళ్ళు వెళ్ళిపోయారు."

గాలి లేదు. అయినా చేతిలోని కట్ట గలగలమంది. ఒడోకి చెయ్యి వణికిందేమో. ఎవరూ అడగలేదు. కట్ట తిరగేసి దులిపారు.

చిప్పలోని సగం ఉండ లకోత్ కొడుకు నోటికి అందించింది. అతను తిన్నాడు, కళ్ళు మూసుకోకుండా తిన్నాడు. ట్రాక్టరు వచ్చి చేను దున్నింది. ఆ మూల మాత్రం వదిలేయమన్నాడు ఒడోకి. ఆ తర్వాత అతను నిద్రలో లేచి నడవలేదు. అచీరో మాత్రం చాలా రోజులు అతని చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకునే పడుకుంది. ఆడపిల్ల పుట్టింది. పేరు నానమ్మే పెట్టింది. లన్యేరో అని కాదు. "ఆ పేరుకు దాని మనిషి ఉంది" అంది.

మరుసటేడు కోతల్లో, చంటిదాన్ని వీపున కట్టుకుని అచీరో చెట్టు దగ్గరికి వచ్చేసరికి లకోత్ ఏడు కట్టలు పోగేసుకుని కూర్చుని ఉంది. అలవాటు ప్రకారం అచీరో నడుమ చోటు వదిలి ఒక్కో కట్టా నిలబెట్టసాగింది.

లకోత్ కాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి కట్టల్ని దగ్గరికి నొక్కింది.

"బిగించు అమ్మాయ్" అంది. "ఇక లోపల ఎవరూ దాక్కోనక్కర్లేదు."