ఎడమచేతి గాటు

వ్యాన్ డ్రైవర్ మెడ చుట్టూ ఉన్న తీగ చర్మంలోకి దిగబడిపోయింది. నాలుక బయటికి వేలాడుతోంది. శవాన్ని బేకరీ వెనక మైదా బస్తాల చాటున కుదించి కూర్చోబెట్టిన తీరు చూడగానే, చంపినవాళ్లకి ఇది మొదటి హత్య కాదని పదిహేడుకి అర్థమైంది.

పదిహేడు మనిషే. డిపార్ట్‌మెంట్ ఫైల్లో అతనికి ఆ నంబర్ తప్ప పేరు లేదు. తొమ్మిదేళ్ల క్రితం ఈ బేకరీకొచ్చి, యజమానికి తాను పిన్ని కొడుకునని ఓ దొంగ ఉత్తరం చూపించి, పిండి పిసకడం మొదలెట్టాడు. పక్క వీధిలోని ప్రభుత్వ గెస్ట్‌హౌస్‌కి రొట్టెలు వెళ్లేది ఇక్కణ్ణించే. అక్కడికి ఎవరొస్తున్నారో ఓ కన్నేసి ఉంచడం అతని డ్యూటీ.

చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది.

"పిండి పులిసిందా?" చీఫ్ గొంతు.

"ఇంకా అరగంట." కోడ్ అప్పజెప్పాడు పదిహేడు. "డ్రైవర్ని చంపేశారు సార్."

"తెలుసు. సిల్క్ రిపోర్ట్ పంపింది. విదేశీ ముఠా మనిషి మీ బేకరీ యజమానే. మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌లో శాంతి చర్చల విందు. రెండు దేశాల మంత్రులూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్ల రొట్టెలో బాంబు పెట్టాడు. ఆ ట్రే సంగతి సిల్క్ చూసుకుంటుంది. పదకొండులోపు నువ్వు వాణ్ణి లేపెయ్. చప్పుడు కాకూడదు."

"అన్ననా?"

"నీకు అన్నేమిటోయ్? అది నీ కవర్."

లైన్ కట్టయింది. టైము పదీ ఇరవై.

సిల్క్ వ్యాన్ తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. రెండు వారాలుగా ప్యాకింగ్ పని చేస్తున్న ఆ అమ్మాయి నిజానికి డిపార్ట్‌మెంట్ ఏజెంటని తెలిసింది పదిహేడు ఒక్కడికే. ముక్కు మీద మైదా అంటుకున్నా సినిమా పోస్టర్లోంచి దిగివచ్చినట్టే ఉంటుంది.

"ఆరో నంబర్ ట్రే. దాన్ని ముట్టుకోకు" అందామె. "గేట్ దగ్గర మన బాంబ్ స్క్వాడ్ కాచుకుని ఉంది. వ్యాన్ నేను నడుపుతాలే." అతని మొహం చూసి జాలిగా నవ్వింది. "మరీ అంత ఇదైపోకు. సొంత అన్నా ఏమన్నానా? ఉత్తుత్తి అన్నేగా!"

సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఏప్రన్ కింద దోపుకుని పదిహేడు లోపలికి నడిచాడు. పదమూడు మందిని చంపిన చెయ్యి అది. ఇవాళ దాన్ని రెండుసార్లు ఏప్రన్‌కి తుడుచుకోవాల్సొచ్చింది. సిగ్గేసింది అతనికి.

పొయ్యి ముందు యజమాని ఒక్కడే ఉన్నాడు. మనిషి బండలా ఉంటాడు. నోరు మాత్రం ఊరుకోదు.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపు? వ్యాన్ కదిలే వేళయింది. ఆ ట్రేలు తట్టి చూడు!"

ఆ బేకరీలో రొట్టెను అడుగున వేలితో తట్టకుండా గడప దాటించరు. సరిగ్గా కాలితే లోపల డొల్లగా మోగుతుంది. అన్న వీపు అతనికేసే ఉంది. తల వెనక గురి పెట్టడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. కానీ తట్టమన్నాక తట్టకుండా ఉండటం తొమ్మిదేళ్లలో అతను మరిచిపోయాడు. కాళ్లు వాటంతటవే ఆరో ట్రే దగ్గరికి వెళ్లాయి.

టక్. టక్. టక్. నాలుగోది మూగగా పలికింది.

జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఎక్స్‌ప్లోజివ్ డిటెక్టర్ ఉంది. అందులోకి మైదా వెళ్లి అది పాడై నాలుగేళ్లయింది. రొట్టెను తిప్పి పైన చూశాడు. కాల్చేముందు పెట్టే మూడు గాట్లూ కుడికి వాలి ఉన్నాయి.

అన్నది ఎడమచేతి వాటం. ఆయన గాట్లు ఎడమకే వాలతాయి. మొదటిరోజు మణికట్టు పట్టుకుని బ్లేడుతో గాట్లు నేర్పిందీ ఆయనే, అందుకే పదిహేడు అన్నం తినేదీ, రాసేదీ, పిస్టల్ పేల్చేదీ కుడిచేత్తోనే అయినా, రొట్టె కోసేది మాత్రం ఎడమచేత్తో. ఈ పొయ్యిలో కాలే రొట్టెల్లో కుడికి వాలే గాటు ఉండనే ఉండదు. ఇది ఎక్కడో కాల్చి, లోపల బాంబు కూరి, బయటినించి తెచ్చి పెట్టింది. రెండు వారాల్లో కొత్తగా ఈ గడప తొక్కింది ఒక్కతే.

"ముట్టుకోవద్దన్నానా?" వెనకనించి సిల్క్ గొంతు.

తిరిగేలోపే ఆమె పిస్టల్ దగ్గింది. పదిహేడు కుడి మోచెయ్యి తునకలైంది. పిస్టల్ ఏప్రన్ కిందనించి జారి నేలమీద పడింది. రెండో గుండు అన్న చెవిని ఎగరగొట్టింది. ఆయన గోడకు కొట్టుకుని కూలబడ్డాడు.

"నీ ఫైల్ చదివాలే. కుడిచేతి మనిషివి" అంటూ ఆమె గురి అతని నుదుటికి ఎత్తింది. "ఇక ఆ చెయ్యి ఎందుకూ పనికిరాదు."

ఫైల్లో బేకరీ సంగతి లేదు. బల్ల మీది బ్లేడును పదిహేడు ఎడమచెయ్యి అందుకుంది. గుండు చెంపను రాసుకుంటూ పోతుండగా మీదికి దూకి ఒకే ఒక్క గాటు పెట్టాడు. ఎడమకి వాలింది. సిల్క్ గొంతులోంచి నెత్తురు చివ్వున చిమ్మి రొట్టెల మీద పడింది. మోకాళ్ల మీద కూలుతూనే ఆమె ఉంగరం నొక్కింది.

రొట్టెలో టిక్ టిక్ మొదలైంది.

రొట్టె అడుగు చీల్చాడు. పెన్సిలంత డిటోనేటర్. చివర చిన్న అంకెలు. అయిదు. నాలుగు. నెత్తుటి వేళ్లు రెండుసార్లు జారాయి. రెండు. పళ్లతో పట్టి పీకాడు. నలభై కిలోల పిండి పులుస్తున్న తొట్టెలోకి విసిరి, అన్న మీద పడి కప్పుకున్నాడు.

ధన్!

తెల్లారి కలిపిన పిండంతా గోడలకీ, కప్పుకీ, ఇద్దరికీ అతుక్కుంది. అన్న చెవి తెగినచోట చెయ్యి నొక్కిపట్టుకుని లేచి కూర్చుని, నేలమీది పిస్టల్ వంక చూశాడు.

"అది నాకోసం తెచ్చావా?"

"అవును." అబద్ధమాడటానికి నోరు రాలేదు. "నేను మీ పిన్ని కొడుకుని కాదు. నన్ను పంపించారు."

"కాదని నాకు తెలియదనుకున్నావా? పిన్ని కొడుకు అయిదో ఏట నా ఒళ్లోనే పోయాడు." అన్న మొహం మీది పిండి తుడుచుకున్నాడు. "ఎవడో దిక్కులేనివాడు, ఆకలికి ఆ ఉత్తరం రాసుకొచ్చాడనుకున్నా. అన్నా అని పిలిచావు. సరే అనుకున్నా."

పదిహేడుకి ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. అన్న ఏప్రన్ చించి అతని మోచేతికి కట్టు కట్టసాగాడు. ఇయర్‌పీస్ గరగరలాడింది.

"పదిహేడూ, పిండి పులిసిందా?"

"గోడలకి అతుక్కుంది సార్. మంత్రులకి రొట్టెల్లేవని చెప్పండి. మళ్లీ కలపాలి, ఈ తమ్ముడికి ఒంటిచెయ్యే మిగిలింది."