తలూపితే వెలగని దీపం

దీపం మళ్లీ ఎర్రగానే వెలిగింది.

"అర్థమైంది బాబూ, అర్థమైంది," అంటూ నూకరత్నం తలూపుతూనే ఉంది. నుదుటికి చుట్టిన పట్టీ మీది దీపం మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎదుట కూర్చున్న ఫండ్ కంపెనీ మేనేజరు ప్రభంజన్ డాక్యుమెంటులో ఇంకో పేజీ తిప్పాడు. పక్కన నిలబడ్డ చారుమతికి లోలోపల నవ్వొచ్చింది. ఆ పట్టీని తయారుచేసిన సైంటిస్టు ఆవిడే.

యంత్రం కథ పెద్దదేమీ కాదు. మాట చెవిన పడితే మెదడులో ఒకరకం తరంగం పుడుతుంది, మనసుకెక్కితే ఇంకోరకం. సెన్సర్లు రెండోదాన్ని పట్టుకున్నప్పుడే దీపం పచ్చబడుతుంది. పచ్చదీపం వెలగందే విశాఖపట్నంలో ఏ ఫండూ అమ్మకూడదని కొత్త చట్టం. కంపెనీలు మొదట్లో భయపడలేదు. చదువుకున్నవాడు అంత శ్రద్ధగా చెబుతుంటే అర్థం కాలేదనడం అతన్ని చిన్నబుచ్చడమేనని మనవాళ్లు తలూపేస్తారు. ఇన్నాళ్లూ వ్యాపారం నడిచింది ఆ తలూపుళ్ల మీదే.

నూకరత్నం ఎండుచేపల మహిళా సంఘానికి పెద్ద. వేట నిషేధం ఉన్న వేసవి నెలల్లో వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగేది సంఘం దాచిన సొమ్ముతోనే. ఆ సొమ్మంతా తన ఫండ్‌లో పెట్టమంటున్నాడు ప్రభంజన్.

"పథక ద్రవ్యత్వం నిర్ణీత కాలావధి పరిసమాప్తి పర్యంతం పరిమితమై ఉండును," అని చదివాడు. ఎరుపు.

అతను చారుమతిని పక్కకి పిలిచాడు. "మేడమ్, సెన్సర్ కాస్త తగ్గించండి. ఆవిడే అర్థమైందంటోంది కదా. మీ ల్యాబుకి డబ్బిచ్చేది మా కంపెనీయేనని మర్చిపోకండి."

చారుమతికి ఒళ్లు మండింది. వెళ్లి, నూకరత్నం పట్టీ విప్పి తెచ్చి ప్రభంజన్ నుదుటికే కట్టింది. "ఇప్పుడు చదవండి."

చదివాడు. ఎరుపే.

"ఇది లీగల్ వాళ్లు రాసింది. నేను అమ్మేవాణ్ణి," అని గొణిగాడు.

"మీ అమ్మగారే కొంటానంటే ఏం చెబుతారు? అదే ఈవిడకీ చెప్పండి."

పట్టీ మళ్లీ నూకరత్నానికి చేరింది. ప్రభంజన్ గొంతు సవరించుకున్నాడు. "ఐదేళ్లదాకా డబ్బు బయటికి తియ్యలేరు. మార్కెట్ పడిపోతే అసలు కూడా తరిగిపోతుంది. మీకు నష్టమొచ్చినా మా ఫీజు మేం తీసుకుంటాం."

దీపం పచ్చగా వెలిగింది.

"అలగైతే మాకొద్దు బాబూ," అంది నూకరత్నం. "వేట ఆపేసిన నెలల్లో పిల్లలకేటి పెట్టమంటావు?" పట్టీ తీసి బల్ల మీద పెట్టింది.

చారుమతి పొంగిపోయింది. అదే ఊపులో ఓ కాగితం ముందుకు జరిపింది. "ప్రయోగానికి ఒప్పుకున్నట్టు ఇక్కడో సంతకం పెట్టమ్మా. మామూలుదే."

నూకరత్నం అలవాటుగా తలూపబోయి ఆగింది. పట్టీ మళ్లీ నుదుటికి తగిలించుకుంది. "సదువు తల్లీ."

"పరిశోధనార్థం సేకరింపబడిన నాడీ దత్తాంశములు భాగస్వామ్య సంస్థలకు బదలాయింపబడవచ్చును," అని చదివింది చారుమతి.

ఎరుపు.

"మీ అమ్మకైతే ఏటి సెప్తావో అదే నాకూ సెప్పు."

ఆ కాగితాన్ని చారుమతి ఎంతమందికో ఇచ్చింది, ఒక్కసారీ సరిగ్గా చదవలేదు. ఇప్పుడు చదువుతుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "నువ్వు ఏ మాటకి మెత్తబడ్డావో, దేనికి భయపడ్డావో ఈ పట్టీ రాసిపెట్టుకుంటుందమ్మా. అదంతా మా ల్యాబుకి డబ్బిచ్చేవాళ్లకి ఇస్తాం." ఆ డబ్బిచ్చేవాళ్ల తాలూకు మనిషి ప్రభంజన్ కిటికీలోంచి సముద్రం చూస్తున్నాడు.

దీపం పచ్చబడింది.

"అదీ మాకొద్దు," అని నూకరత్నం పట్టీ తీసి ఆమె చేతికిచ్చింది.

చారుమతి కాగితం నాలుగు ముక్కలు చేసింది. పట్టీలో రాసి ఉన్నదంతా నూకరత్నం కళ్లముందే చెరిపేసింది.

"రేపట్నుంచి మీ ల్యాబుకి పైసా రాదు," అన్నాడు ప్రభంజన్, ఇటు తిరిగి. "ఈ మాటైనా అర్థమైందా?"

చారుమతి తల ఊపలేదు. పట్టీ తన నుదుటికి కట్టుకుని అతని ఎదురుగా నిలబడింది. దీపం పచ్చగా వెలిగింది.