మంచులో వార్డు మీటింగు

తలుపు తియ్యడమే నేను చేసిన నేరం!

ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరడానికి గునుపూరు నుంచి ముందురోజే దిగాను. కొరాపుట్ కొండల్లో సెమిలిగుడ దాటి బస్సులో కాస్త దూరం పోతే వచ్చే చిన్న టౌను. పేరు చెప్పను, చెబితే అక్కడివాళ్ళు నన్ను బతకనివ్వరు. సూర్యకాంతమ్మ పిన్ని ఇంట్లో ముందుగది అద్దెకు దొరికింది. మా గునుపూరులో పొలాలూ, ఉక్కా, దోమలూ తప్ప మరొకటి ఎరగని వాణ్ణి. ఇక్కడేమో సాయంత్రం అయ్యేసరికి కొండల మీంచి మంచు దిగి ఎదురింటి గుమ్మాన్ని కూడా మింగేసింది.

ఆ మంచులోంచి ఎవరో మగమనిషి పిలిచాడు.

"పృథ్వీ! మీటింగుంది. రావాలా!"

"ఆఁ, వస్తున్నానండీ!" అంటూ తలుపు తీశాను. వాకిట్లో ఎవరూ లేరు.

వంటింట్లోంచి సూర్యకాంతమ్మ పిన్ని గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "ఒరే బడుద్ధాయీ! తొలి పిలుపుకే పలికేసేవేటిరా?"

"పిలిస్తే పలకరా పిన్నీ?"

"మంచులో పేరెట్టి పిలుపొస్తే మూడోసారి దాకా ఊఁ అనకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. అదైతే రెండుసార్లు పిలిసి ఎల్లిపోద్ది."

"అదంటే?"

"అదంటే అదే! సంజేళ ఇంకేటి సెప్పమంటావు?"

పకపకా నవ్వాను. నిన్న దిగిన నా పేరు దానికెవరు చెప్పారబ్బా అన్న ఆలోచన వచ్చాక నవ్వు దానంతటదే ఆగిపోయింది.

అంతలో మంచులో ఏదో కదిలింది. చూస్తే ఓ అమ్మాయి. మెడకి మఫ్లరు, భుజానికి చేతి మైకు, చెప్పుల నిండా ఎర్రమట్టి. నేరుగా మా గుమ్మం దగ్గరికే వచ్చింది.

బతికిపోయానన్న ధీమాతో కాస్త దబాయించాను. "ఇందాక పిలిచింది మీరేనా? మిమిక్రీ కూడా వచ్చన్నమాట!"

"నేనింకా పిలవనేలేదండీ. ఇప్పుడే ఈధిలోకొచ్చేను."

"మరి ఎవరో మగాయన, మీటింగుంది రావాలా అన్నారే?"

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "గొంతు ఎలగుంది?"

"కొంచెం బొంగురు. 'రావాలా' అని సాగదీశారు."

పిన్ని నా వీపు మీద గట్టిగా గిల్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అది మా నాన్న," అందా అమ్మాయి మెల్లగా. "పోయి ఏడాదవతాది."

నేను ఫిట్టర్ని. ఆ క్షణంలో నా మోకాళ్ళ బోల్టులన్నీ ఒక్కసారే వదులైపోయాయి.

ఆమె పేరు కిరణ్మయి. మా వార్డు కౌన్సిలరు. అంతకుముందు కౌన్సిలరు వాళ్ళ నాన్న జగ్గారావు. పోయిన చలికాలం వార్డు మీటింగుకి జనాన్ని పిలవడానికి సాయంత్రం బయల్దేరి, మంచులో మెయిన్ రోడ్డు పక్కన లారీ గుద్దితే చనిపోయాడు. ఆ ఖాళీలో జనమే కిరణ్మయిని నిలబెట్టి గెలిపించారు. గెలిపించి, తర్వాత ఆమె పెట్టిన ఒక్క మీటింగుకీ రాలేదు.

"ఓటు మాత్రం ఏసేరు," అంది కిరణ్మయి. "వాట్సాప్‌లో మీటింగు సంగతి పెడితే అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు. మనిషి మాత్రం ఒక్కడూ రాడు. కౌన్సిల్లో ఏటి జరిగినా వార్డుకి చెప్పి చెయ్యాలని మా నాన్న పట్టుదల. నాదీ అదే. ఎవరికి చెప్పను? తలుపులకా?"

"ఇప్పుడేం చెప్పాలి?"

"కొండ మీద మన ఊట ఉందా? ఈ వార్డు తాగేది ఆ నీళ్ళే. దానికి పైన చెత్త యార్డు పెడతారంట. ఆదివారం మీటింగులో జనం చేతులెత్తి ఒద్దంటే ఆగుతాది. ఎవరూ రాకపోతే అభ్యంతరం లేదని రాసుకుని పోతారు. ఇదే ఆఖరి మీటింగు." చటుక్కున నా వైపు చూసింది. "మైకు మొయ్యగలరా?"

"నేనా? ఎందుకు?"

"ఈ వార్డులో పిలిస్తే పలికింది మీరొక్కరే."

"నేను పలికింది మీ నాన్నగారికండీ, మీక్కాదు!"

"మా ఇద్దరిదీ ఒకటే పార్టీ. మొయ్యండి."

చెప్పొద్దూ, అంత భయంలోనూ ఆ అమ్మాయి నవ్వు బాగుంది. మైకు అందుకున్నాను.

ఆ వారమంతా డ్యూటీ దిగగానే ఆమె వెనకాల తిరగడమే నా పని. ఫ్యాక్టరీలో నా తోటివాళ్ళు, "కౌన్సిలరమ్మ పి.ఎ. గారూ" అని వెక్కిరించేవారు. కుళ్ళు!

"పృథ్వి గారూ, మైకు తిరగేసి పట్టుకున్నారు."

"మీరు గారు మానేస్తే సరిగ్గా పట్టుకుంటాను."

"అలగా? అయితే నువ్వు తిరగేసే పట్టుకున్నావు, పృథ్వీ."

వీధి పొడుగునా ఇలాగే ఉండేది మా సంభాషణ. కానీ ఇంటి ముందు ఆగేసరికి మాటలు ఆగిపోయేవి. కిరణ్మయి నోరు తెరవకముందే మంచులో మాకు రెండిళ్ళ అవతల నుంచి ఆ బొంగురు గొంతు వినపడేది.

"సన్యాసయ్యా! మీటింగుంది."

కాస్సేపాగి ఇంకోసారి. అంతే. మేమాగిన ఇంట్లో లైటు ఆరిపోయేది, లోపల గడియ పడేది. ఆ తర్వాత కిరణ్మయి మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు పిలిచినా ఎవరూ పలికేవారు కాదు.

నాకు ఒళ్ళంతా చెమటలు. చలికాలం, కొరాపుట్ కొండల మీద, స్వెట్టర్లో చెమటలు! కిరణ్మయి మాత్రం నా మొహం చూస్తూ నిలబడేది.

"పిలిచేడా?"

"నీకు వినపడలేదా?"

తల అడ్డంగా ఊపింది. "ఊరందరికీ వినపడతాడంట. నాకు వినపడడు. ఎన్నిసార్లు ఈ మంచులో ఒక్కదాన్నే నిలబడ్డానో తెలుసా? ఒక్కసారి 'అమ్మీ' అంటే చాలు." కళ్ళు తుడుచుకుని వెంటనే కసిరింది. "ఏటలా చూస్తావు? పద, ఇంకా గున్నమ్మ వాళ్ళిల్లుంది."

అదిగో, అప్పుడే అయిపోయింది నా పని. ఆ పిల్లని ఒక్కదాన్ని ఆ మంచులో వదలకూడదని గట్టిగా అనుకున్నాను. దయ్యమే రానీ, దేవుడే రానీ.

శనివారం పిన్నిని నిలదీశాను. "ఎందుకు పిన్నీ పలకరు? చచ్చిపోయినాయన పిలుస్తున్నాడు సరే, బతికున్న పిల్ల పిలిస్తే ఏం రోగం మీకు?"

పిన్ని బియ్యంలో రాళ్ళేరుతోంది. చెయ్యి ఆగిపోయింది. తర్వాత చేట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ దినం పిలిసేడురా."

"ఎవరు?"

"జగ్గన్న. లారీ గుద్దీసినాక సచ్చిపోలేదు. రోడ్డు పక్క గోతిలో పడి మా పేర్లెట్టి పిలిసేడు. 'సూర్యకాంతం' అన్నాడు. ఇలాటి మంచే. అదే కాబోలనుకున్నాను. మల్లీ పిలిసేడు. మూడోసారి పిలిస్తే పలుకుదామని కూకున్నాను. పిలవలేదు."

పిన్ని పక్కనే నేల మీద కూలబడ్డాను.

"నాకు పలక్కపోతే సన్యాసయ్యని పిలిసేడు. తరవాత గున్నమ్మని. ఒక్కో ఇంటికీ రెండేసిసార్లు. ఓపిక అంతేరా, పాపం! ఈధంతా విన్నాది. ఈధంతా మూడోదానికోసం కూకున్నాది. తెల్లారి పాలోడు సూసేడు." పిన్ని భోరుమంది. "ఆ పిల్ల మొకం ఏ మొకమెట్టుకుని సూడమంటావు? ఓటెయ్యడమంటే సీకట్లో నొక్కీసి వచ్చీడమే గదా."

"మరి రేపు వచ్చి ఈ సంగతి చెప్పు."

"నా వల్ల కాదు బాబూ. నువ్వే సెప్పీ."

చెబుదామనే వెళ్ళాను. కిరణ్మయి వాళ్ళ అరుగు మీద కూర్చుని రేపటి ఉపన్యాసం నాకు అప్పజెప్పింది. మధ్యలో తడబడి తనే నవ్వింది. వాళ్ళమ్మ సుభద్రమ్మ గారు టీ ఇచ్చి నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్ళిపోయారు. నేను టీ తాగి, బాగుందని చెప్పి, తోక ముడిచి వచ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం నుంచే మంచు. మా వీధి చివర కమ్యూనిటీ హాలు ముందు కుర్చీలు వేశాం. కౌన్సిల్ ఆఫీసు నుంచి త్రిలోచన్ బాబు అనే గుమస్తా స్కూటరు మీద వచ్చి, ఖాళీ కుర్చీల్ని చూసి గడియారం చూసుకున్నాడు. సుభద్రమ్మ గారు ఓ మూల కూర్చున్నారు. మొత్తం సభ అంతే.

"లోక్ నాహి, మేడమ్," అన్నాడు త్రిలోచన్ బాబు నొచ్చుకుంటూనే. "జనం లేరు. అభ్యంతరం లేదని రాసేస్తాను. నాకూ మంచులో పోవాలి కదా?"

కిరణ్మయి మైకు పట్టుకుని నిలబడింది. "రాజీనామా కూడా ఇప్పుడే రాసి ఇచ్చేస్తాను, తీసుకెళ్ళండి," అంది. "నేనంటే గిట్టనప్పుడు ఎందుకీ పదవి?"

ఇక నా వల్ల కాలేదు. మైకు లాక్కున్నాను.

"వార్డు జనమా! మీరంతా తలుపుల ఎనకాల వింటన్నారని నాకు తెల్సు. మీ మీద అసహ్యం పెంచుకోలేదీ పిల్ల. తన మీదే పెంచుకుంటోంది. తనంటే మీకు గిట్టదనుకుంటోంది. కౌన్సిల్లో జరిగిన ప్రతీదీ మీకు చెప్పింది. మీ దగ్గరున్న ఒక్క మాట మీరు తనకి చెప్పలేదు. నేను చెప్పను. అది మీ నోటితోనే రావాల!"

"ఏటది?" అంది కిరణ్మయి. "పృథ్వీ, ఏటి చెప్పాలి?"

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చెట్ల మీంచి మంచు నీళ్ళు రాలుతున్నాయి. అప్పుడు రోడ్డు వైపు నుంచి ఆ గొంతు వచ్చింది. ఈసారి దగ్గరగా, కుర్చీల వెనకాలే ఉన్నట్టు.

"సూర్యకాంతం..."

మైకు దించి రోడ్డు వైపు తిరిగాను.

"వస్తన్నాను జగ్గన్నా!"

పిన్ని గొంతే! తొలి పిలుపుకే! దడాలున తలుపు తెరుచుకుంది. జుట్టు ముడి ఊడిపోయి, చెప్పుల్లేకుండా పిన్ని మంచులోంచి పరిగెత్తుకొచ్చింది. ఆ వెనకే ఇంకో గొంతు, "వస్తన్నాను బాబూ!" సన్యాసయ్య. తర్వాత గున్నమ్మ. ఒక్కో పిలుపుకీ ఒక్కో గడియ తీసిన చప్పుడు. మనుషులు మంచులోంచి ఒకరి వెనక ఒకరు వచ్చి కుర్చీలు నిండిపోయాయి.

పిన్ని కిరణ్మయి రెండు చేతులూ పట్టుకుని అంతా చెప్పేసింది. ఒక్క ముక్క దాచలేదు.

కిరణ్మయి చేతులు విడిపించుకుంది. ఆ మొహం చూసి నేను భయపడినంతగా ఆ గొంతుకి కూడా భయపడలేదు.

"ఎవరైనా ఒక్కరు..." అంది చివరికి. "ఒక్కరు పలికుంటే మా నాన్న ఉండేవోడు."

"ఉండేవోడమ్మా," అన్నాడు సన్యాసయ్య తల దించుకుని.

"నాకు కోపంగా ఉంది పెద్దమ్మా. ఇప్పుడే పోదు. ఎప్పటికి పోతాదో కూడా తెల్దు." ఏడుస్తూనే చెప్పింది, మొహం దాచుకోకుండా. "కానీ నేనంటే గిట్టదేమోనని ఏడాది ఏడ్చేను. ఆ ఏడుపు తీరింది. కూర్చోండి. ముందు ఊట సంగతి తేల్చాలి. యార్డు ఒద్దన్నవాళ్ళు చేతులెత్తండి."

ఎత్తని చెయ్యి లేదు. త్రిలోచన్ బాబు కలం తీసి చకచకా రాసుకున్నాడు. "ఇతర విషయాలేమైనా ఉన్నాయా?" అని మామూలుగా అడిగాడు.

పిన్ని ముక్కు చీదుకుని లేచింది. "ఉన్నాది. ఏటి జరిగినా వార్డుకి సెప్పాల అంటాది గదా మన కౌన్సిలరు! మా ఇంట్లో అద్దెకున్న కుర్రోడు వారం దినాలుగా ఆ పిల్ల ఎనక మైకు పట్టుకుని తిరగతన్నాడు. ఎందుకో వార్డుకి తెలవక్కర్లేదేటి?"

నేలలోకి కూరుకుపోదామంటే సిమెంటు నేల! కిరణ్మయి తడి కళ్ళతోనే నన్ను చూసింది. "చెప్పు మరి. మైకు నీ చేతిలోనే ఉంది. ఈసారి తిన్నగానే పట్టుకున్నావు."

"నాకు కిరణ్మయంటే ఇష్టం," అన్నాను మైకులో. ఆ మాట కొండకి కొట్టుకుని వెనక్కి వచ్చి నన్నే అదరగొట్టింది. "ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను. లేకపోయినా మైకు మోస్తాను."

"నాకూ ఇష్టమే," అందామె మైకు అక్కర్లేకుండానే. ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లున నవ్వారు.

మూలనుంచి సుభద్రమ్మ గారు లేచారు. ఆవిడ నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"పెళ్ళి సంగతి సరే. పొద్దున్నించి పిల్ల ఒక్క మెతుకు ముట్టలేదు. అది సూసేవా?"

"లేదండీ."

"ఇకనించి సూడు. నువ్వూ రా, తిందువు గాని."

ముగ్గురం ఇంటిదారి పట్టాం. మంచు ఇంకా చిక్కబడింది. కిరణ్మయి నా పక్కన, ఆవిడ ముందు. కొంతదూరం పోయాక వెనకాల ఇంకెవరో నడుస్తున్న చప్పుడు వినపడింది. చెప్పుల చప్పుడు, కాస్త ఈడుస్తూ. మేము ఆగితే అదీ ఆగింది. ఈసారి కిరణ్మయి కూడా విన్నది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సుభద్రమ్మ గారు వెనక్కి తిరగలేదు. కొంగు భుజం చుట్టూ సర్దుకుని, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే అన్నారు.

"మీటింగయిపోనాది. జనమంతా వచ్చేరు. పిల్ల సంగతి కూడా కుదిరిపోనాది. మరింక మీరు తొంగోండి."

వెనకాల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టారు. మేమిద్దరం వెనకే నడిచాం. తర్వాత దారి పొడుగునా మా అడుగులే వినపడ్డాయి.