చిన్న దోవలో మూడో మనిషి

ఆగస్టు పదకొండు, శనివారం, రాత్రి ఎనిమిదీ ఇరవైకి ఆ ఫోన్ మోగింది.

అది చెప్పే ముందు గుహ సంగతి చెప్పాలి. కొండ కింద గుహకి రెండు దోవలు. పెద్ద దోవలోంచి పగలు జనం పిల్లాపాపలతో వెళ్ళి చూసొస్తారు. చిన్న దోవ మాటెత్తితే మాత్రం గొంతు తగ్గిస్తారు. చీకటి పడ్డాక అటు నడిచినవాళ్ళకి లోపలి నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందట... ఏడుపు కాదు, అరుపు కాదు. ఎవరికో ధైర్యం చెబుతున్నట్టు.

ఆ కబుర్లు ఫోనత్త ముందు ఎవరూ చెప్పరు. పన్నెండేళ్ళ కిందట ఆవిడ తమ్ముడు అక్కడే పోయాడు. "పోయాడు" అని కూడా ఆవిడ ముందు అనకూడదు. "ఇంకా రాలేదు" అనాలి.

ఆవిడ అసలు పేరు అందరూ మర్చిపోయారు. గుహలో ఎవరైనా చిక్కుకుంటే పోలీసులు ముందు ఫోన్ చేసేది ఆవిడకే. ఏ దోవ, ఎవరికి దెబ్బ తగిలింది, దీపాలున్నాయా, నీళ్ళెంతవరకు, ఎంతమంది... అన్నీ ఓ వరుసలో అడిగి, రక్షించే దళాన్ని ఒక్కొక్కరినీ పిలిచి పంపుతుంది. కొడుకే ఆ దళానికి పెద్ద. కోడలు పక్కన కూర్చుని పైన వాన ఎంత పడుతోందో కనుక్కుంటుంది.

వాళ్ళకి ఒక నియమం ఉంది. ఫోన్‌లో చెప్పిన లెక్క సరిపోయేదాకా వెతుకుతూనే ఉండాలి. దొరికినవాళ్ళు చెప్పే లెక్క నమ్మకూడదు. చలికి మతి తప్పి, పక్కనున్నవాణ్ణే మర్చిపోతారు.

ఇంట్లో ఇంకో నియమం. మనిషి గుహలోకి దిగితే వసారాలో దీపం వెలగాలి. బయటికొచ్చి, తన నోటితో "వచ్చేశాను" అన్నాకే ఆర్పాలి. పన్నెండేళ్ళ కిందట ఆ రాత్రి దళంతో దిగిన తమ్ముడు, చిక్కుకున్న నలుగుర్ని ముందు పంపేసి వైర్‌లెస్‌లో "వస్తున్నానక్కా" అన్నాడు. అంతే... నీళ్ళు కమ్మేశాయి. మనిషీ దొరకలేదు, దీపమూ ఆరలేదు. బల్బు మాడిపోతే ఇంకోటి పెట్టేవారు.

ఇక ఆ శనివారం.

"చెప్పండి," అంది ఫోనత్త, పోలీసులు లైను కలిపారనుకుని.

గొంతు ఎక్కడో అడుగు నుంచి వస్తోంది. వెనక నీళ్ళ చప్పుడు.

"చిన్న దోవ... ఆడపిల్లలిద్దరు. ఒకమ్మాయికి కాలు విరిగింది. దీపం ఆరిపోయింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి."

ఫోనత్త ఇంకా ఏమీ అడగలేదు. తను అడిగే వరుసలోనే జవాబులొచ్చేస్తున్నాయి.

"మొత్తం ఎంతమంది?"



"...ముగ్గురం."

"అక్కడే ఉండు నాయనా, కదలకు."

"ఎక్కడికి పోతాను అక్కా."

లైను తెగింది. ఆ పిలుపు ఫోనత్తకి ఎక్కడో తగిలింది. అయినా దళంలో ఒక్కొక్కరికీ ఫోన్ కలపడం మొదలుపెట్టింది. అక్కా అని పిలిచేవాళ్ళు ఊరినిండా ఉన్నారు.

"భోజనానికి కూర్చున్నాను వదినా, చెయ్యి కడుక్కునైనా రానీ," అన్నారు లెక్కల మాస్టారు.

"గుహలో బోలెడు నీళ్ళున్నాయి, అక్కడే కడుక్కో. బయలుదేరు!"

అరగంటలో ఆరుగురు దిగారు. దోవ దగ్గర ఆగిన బండిలోంచి వాళ్ళ మాటలు వైర్‌లెస్‌లో ఇంటికి అందుతున్నాయి.

పదిన్నరకి కొడుకు గొంతు వినిపించింది. "అమ్మా, పిల్లలిద్దరూ దొరికారు. ప్రాణాలతోనే ఉన్నారు. పైకి పంపేశాం."

"మూడో మనిషి?"

"మేమిద్దరమే వచ్చాం అంటున్నారు."

"చలికి అలాగే అంటారు. ఫోన్ చేసినవాడు ముగ్గురన్నాడు."

"...సరే. వెతుకుతాం."

కోడలి మొహం పాలిపోయింది. "అత్తయ్యా, పై వాగు కట్ట దాటింది. ఇంకాసేపట్లో దోవ నిండిపోతుంది. ఆయన్ని రమ్మనండి... మీకు దణ్ణం పెడతాను."

ఫోనత్త తలెత్తలేదు. ఒకణ్ణి లోపల వదులుకున్న ఇల్లు. ఇంకో తల్లి బిడ్డని వదిలెయ్యమని ఏ నోటితో చెబుతుంది?

కోడలు ఆగలేక పోలీసులకి ఫోన్ చేసింది. మీకు ఫోన్ చేసినవాడు ఎవరు, ఎక్కడున్నాడు అని అడిగింది.

అటువైపు జమాదారు తడబడ్డాడు. "మాకెవరూ చెయ్యలేదమ్మా. మేమూ మీకు చెయ్యలేదు. అయినా ఆ గుహ దగ్గర ఫోన్లు పని చెయ్యవు కదా!"



ఫోనత్త వైర్‌లెస్ అందుకుంది. "బండి దగ్గరికి చేరిన ఆ పిల్లల్లో ఒకరిని మాట్లాడమను."

పళ్ళు టకటకలాడుతున్న గొంతు. "ఆంటీ... మేమిద్దరమే వచ్చాం, ఒట్టు. కానీ చీకట్లో ఒకాయన మాట్లాడుతూ ఉన్నాడు. మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఒకటే పొడుపు కథలు... ఒక్కటీ విప్పలేకపోయాం. మా అక్క ఫోన్ ఎత్తుతుంది, భయపడకండి అన్నాడు."

ఫోనత్త కళ్ళు మూసుకుంది. దెబ్బ తగిలి మూలుగుతున్నవాడికైనా పొడుపు కథ వేసి నవ్వించే మనిషి ఆ దళంలో ఒక్కడే ఉండేవాడు.

"మీతో రమ్మనలేదా అమ్మా ఆయన్ని?"

"రమ్మన్నాం. మీరు పదండి... వస్తున్నాను అన్నాడు."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోనత్త వైర్‌లెస్‌లో కొడుకుని పిలిచింది.

"నాన్నా, వెతకొద్దు. మూడో మనిషి ఎవరో తెలిసింది. అందరూ పైకి వచ్చేయండి."

"ఎవరమ్మా?"

"మీ మామయ్యరా... పోయినవాడే."

పన్నెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

నీళ్ళ చప్పుడు మధ్య కొడుకు దళాన్ని వెనక్కి పిలవడం వినిపించింది. తర్వాత, "వస్తున్నామమ్మా."

"అలా అనకు! వచ్చాక చెప్పు."

కోడలు దేవుణ్ణి తలుచుకుంటూ ఒళ్ళో చేతులు నలుపుకుంటోంది. గడియారం కదలడంలేదు. చివరికి వైర్‌లెస్ గరగరమంది.

"వచ్చేశాను వదినా, చేతులు శుభ్రంగా కడుక్కున్నాను," అన్నారు మాస్టారు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. "వచ్చేశాను"... "వచ్చేశాను"... ఆఖర్న కొడుకు. "వచ్చేశానమ్మా. మా వెనకే దోవ మూసుకుపోయింది."

కోడలు ఏడుస్తూనే వేళ్ళు మడిచింది. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"అత్తయ్యా... దిగింది ఆరుగురే కదా?"

"అవును."

"మరి... నేను ఏడుసార్లు విన్నాను."

ఫోనత్త వైర్‌లెస్ కింద పెట్టింది. ఆవిడా ఏడుసార్లే వింది.

తెల్లవారాక వాన వెలిసింది. స్నానం చేసి, దేవుడి ముందు కాసేపు నిలబడి, ఫోనత్త వసారాలోకి వచ్చింది. కొడుకూ కోడలూ అప్పటికే అక్కడున్నారు. ఆవిడ స్విచ్చి నొక్కి దీపం ఆర్పింది. కొడుకు స్టూలెక్కి బల్బు విప్పి అందించాడు. అదింకా వేడిగానే ఉంది. తువాలు మడతలో పెట్టుకుని, అది చల్లారేదాకా ఆవిడ గడప మీదే కూర్చుంది.